కన్ను దూకే ముందు కండరంలో పుట్టే విద్యుత్తును పట్టుకోవడం ఎలా

పుస్తకం చదువుతున్నా, సంతలో వంకాయలు ఏరుతున్నా మన చూపు జారుతూ పోదు. ఒక చోట ఆగుతుంది, అక్కడి నుంచి మరో చోటికి దూకుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ సెకనుకు సుమారు 3 సార్లు ఇది జరుగుతూనే ఉంటుంది. శాస్త్రంలో ఈ దూకుకు సకేడ్ అని పేరు. మన ఒంట్లో ఇంత వేగంగా జరిగే కదలికలు చాలా తక్కువ. పెద్ద సకేడ్లలో కనుగుడ్డు సెకనుకు 500 డిగ్రీల వేగం కూడా దాటుతుంది. ఈ దూకు మొదలయ్యే ముందు, కొద్ది మిల్లీసెకన్ల వ్యవధిలో, కంటి కండరాల్లో విద్యుత్తు ఒక్కసారిగా లేస్తుంది. దాన్ని చర్మం మీద నుంచే నమోదు చేసి, ల్యాప్‌టాప్ తెర మీద ముల్లులా నిలబెట్టి చూడటం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రమో భౌతికశాస్త్రమో చెప్పే మేస్టార్లు, మేడమ్‌లు, వాళ్ల దగ్గర చదివే పిల్లలు నా మనసులో ఉన్నారు. పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. కానీ ఒక మాట ముందే చెప్పాలి. తెర మీద ముల్లు కనిపించడం ఈ పనిలో సగమే. అది నిజంగా కంటి కండరానిదేనా, లేక రెప్పదో, దవడదో, ట్యూబ్‌లైటుదో తేల్చుకోవడం మిగతా సగం. ఆ రెండో సగం కోసమే ఈ ప్రయోగం పిల్లలతో చేయించాలంటాను.

ముందు వేలితో, ఫోనుతో

పరికరం ముట్టుకోకముందు దూకు అంటే ఏమిటో ఒంటికి తెలియాలి. ఎడమ కన్ను మూసి, ఆ రెప్ప మీద చూపుడువేలి కొనను తేలిగ్గా ఆనించండి. నొక్కకండి. తెరిచి ఉన్న కుడి కంటితో గదిలో రెండు వస్తువులను మార్చి మార్చి చూడండి. మూసి ఉన్న కంటి కింద చిన్న గుబ్బ చటుక్కున తప్పుకోవడం వేలికి తెలుస్తుంది. ఒక కన్ను చూస్తుంటే రెండోది ఎందుకు కదలాలి? రెండు కళ్లకూ మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ ఒకటే. ఎవాల్డ్ హెరింగ్ 1868లో చెప్పిన నియమం ఇది.

తర్వాత అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటినీ కుడి కంటినీ మార్చి మార్చి చూసుకోండి. మీ కళ్లు కదలడం మీకు కనబడదు. పక్కనున్నవాళ్లకు మాత్రం బాగా కనబడుతుంది. దూకుతున్నంతసేపూ మెదడు చూపును అణచిపెడుతుంది.

ఇక ఫోను. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను ఉంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. 20 డిగ్రీల సకేడ్‌కు సుమారు 65 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి పదిహేను, పదహారు ఫ్రేముల్లో దూకంతా దొరుకుతుంది. సెకనుకు 30 ఫ్రేముల మామూలు వీడియోలో అయితే రెండే ఫ్రేములు. పిల్లల చేత ఫ్రేములు లెక్కపెట్టించండి. ఎంత సన్నని కాలంలో పని చేయబోతున్నారో వాళ్లకు అప్పుడే అర్థమవుతుంది. మనం వెతికే ముల్లు ఈ ఫ్రేముల కన్నా ముందు, రెండు మూడు ఫ్రేములంత కాలంలో ఉంటుంది.

కంటి వెనక ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఒక్కో కనుగుడ్డుకు ఆరు కండరాలు. అడ్డంగా తిప్పేవి రెండు. చెవి వైపుకు లాగేది ల్యాటరల్ రెక్టస్, ముక్కు వైపుకు లాగేది మీడియల్ రెక్టస్. కుడికి చూడాలంటే కుడి కంటిలో ల్యాటరల్ రెక్టస్, ఎడమ కంటిలో మీడియల్ రెక్టస్ లాగాలి. వాటికి ఎదురు కండరాలు అదే సమయంలో వదులు కావాలి. ఈ ప్రయోగానికి ఈ రెండు జతలు తెలిస్తే చాలు.

ఈ కండరాలకో ప్రత్యేకత ఉంది. మోచేయి వాల్చి ఊరికే కూర్చుంటే చేతి కండరం విద్యుత్ పరంగా దాదాపు మౌనంగా ఉంటుంది. కంటి కండరాలు అలా ఉండవు. ఎదురుగా నిశ్చలంగా చూస్తున్నప్పుడు కూడా పని చేస్తూనే ఉంటాయి. బ్యోర్క్, కుగెల్బర్గ్ అనే ఇద్దరు 1953లో మనుషుల కంటి కండరాల్లో సన్నని సూది ఎలక్ట్రోడ్ (విద్యుత్తును పట్టే లోహపు కొన) పెట్టి ఈ సంగతి నమోదు చేశారు. దూకే క్షణంలో లాగే కండరంలో ఆ విద్యుత్ చప్పుడు ఒక్కసారిగా చెలరేగుతుంది, ఎదురు కండరంలో ఆగిపోతుంది.

ఎందుకు చెలరేగాలి? కనుగుడ్డు చుట్టూ ఉన్న కొవ్వు, పొరలు, కండరాలు దాన్ని జిగటగా పట్టుకుని ఉంటాయి. స్ప్రింగ్ తలుపును గబుక్కున తీయాలంటే మొదట గట్టిగా తోయాలి, తీశాక మూసుకుపోకుండా కొద్ది బలంతో పట్టుకుని ఉండాలి. కంటికీ ఇదే లెక్క. ముందు తక్కువ కాలం పాటు పెద్ద తోపు, తర్వాత కొత్త చోట నిలిపి ఉంచేందుకు చిన్న పట్టు. డేవిడ్ రాబిన్సన్ 1964లో కనుగుడ్డు యాంత్రిక లక్షణాలను కొలిచి ఈ లెక్క తేల్చాడు. తర్వాత కోతుల మెదడుకాండంలో నాడీకణాల నుంచి నేరుగా నమోదు చేసినవారికి అవే రెండు భాగాలు కనిపించాయి. ఆ మోటారు నాడీకణాలు సెకనుకు కొన్ని వందల సార్లు పేలగలవు. కాలు చేతులను నడిపేవాటికి ఆ వేగం లేదు.

ఆజ్ఞ నడిచే దారి కూడా పిల్లలకు చెప్పండి. మధ్యమెదడులోని సుపీరియర్ కలిక్యులస్ కన్ను కదలడానికి సుమారు 20 మిల్లీసెకన్ల ముందు చెలరేగుతుంది. మెదడుకాండంలో పాన్స్ అనే భాగంలో కాపలా కణాలు కొన్ని ఉంటాయి. కన్ను ఆగి ఉన్నంతసేపూ అవి ఆగకుండా పేలుతూ దూకు కణాలను పట్టి ఉంచుతాయి. అవి ఆగగానే దూకు కణాలు విడుదలవుతాయి, ఆ వెంటనే మోటారు కణాలు, ఆపైన కండరం. కండరంలో విద్యుత్తు పుట్టాక బలం పుట్టి కన్ను కదలడానికి ఇంకా కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మన ముల్లు ఉండేది ఆ సందులోనే.

కండరంలోని మోటారు యూనిట్లన్నీ (ఒక్కో మోటారు కణం, అది నడిపే కండర పోగులు కలిస్తే ఒక యూనిట్) ఒకే క్షణంలో మొదలవుతాయి కాబట్టి వాటి విద్యుత్తు కలిసి, చర్మం మీదికి కూడా తెలిసేంత అవుతుంది. ఆ తర్వాత ఏ యూనిట్ లయ దానిదే. ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. అందుకే చర్మం మీద కనిపించేది మొదటి ముల్లే, చప్పుడంతా కాదు.

కావలసినవి

జీవ విద్యుత్తును పెంచే యాంప్లిఫయర్ బోర్డులు రెండు. మన దేశంలోనే తయారయ్యే బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గుండె కోసం అమ్మే ఏడీ 8232 బోర్డు చవకే కానీ ఈ పనికి తీసుకోకండి. అది 40 హెర్ట్జ్ పైనున్నదాన్ని కోసేస్తుంది. మన ముల్లు బలమంతా సుమారు 20 నుంచి 90 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సగం ముల్లు అక్కడే అరిగిపోతుంది.

బోర్డుల నుంచి వచ్చే విద్యుత్తును అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్‌కు పంపే ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి, ఛార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్, ఈసీజీ స్టిక్కర్లు, ఈసీజీ జెల్, దూది, స్పిరిట్. ఈ చివరివన్నీ ఆసుపత్రుల దగ్గరి మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. చిన్నపిల్లల సైజు స్టిక్కర్లు అడగండి, కంటి పక్కన పెద్దవి పట్టవు.

ఇప్పుడు రక్షణ గురించి గట్టిగా చెబుతున్నాను. మనిషికి తీగలు తగిలించి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ ఛార్జర్ గోడ ప్లగ్గులో ఉండకూడదు. ప్రింటరు, ప్రొజెక్టరు, కరెంటుతో నడిచే మరే పరికరమూ ల్యాప్‌టాప్‌కు తగిలించకూడదు. బ్యాటరీ మీదే నడవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను కూర్చోబెట్టకండి. మైనరు పిల్లలైతే ఇంట్లో పెద్దవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. సూది ఎలక్ట్రోడ్ల మాట ఎత్తనే వద్దు, అవి ఆసుపత్రిలో కంటి వైద్యుల చేతిలో ఉండాల్సినవి. ఆలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి కంటి కండరంలోకి బొటులినం మందు ఎక్కించి, ఆ ఫలితాలను 1980లో ప్రచురించాడు. సూది సరైన కండరంలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ కండరపు విద్యుత్తునే వాడాడు. ఆ పనికి ఏళ్ల శిక్షణ కావాలి.

కూర్చునే మనిషిని సిద్ధం చేయడం

అందరూ తొందరపడేది ఇక్కడే. ప్రయోగం చెడేది కూడా ఎక్కువగా ఇక్కడే. మన పిల్లల తలకు కొబ్బరినూనె ఉంటుంది. నూనె ఉన్న చోట ఎలక్ట్రోడ్ పట్టదు. ముందు రోజే చెప్పి కుంకుడుకాయతోనో షాంపూతోనో తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మనండి. కాటుక, ముఖానికి పౌడరు వద్దనండి. ఒక ఎలక్ట్రోడ్ సరిగ్గా బొట్టు పెట్టుకునే చోటే వస్తుంది. అమ్మాయిలతో ఆ సంగతి ముందే మర్యాదగా చెప్పి, వాళ్లకు ఇష్టమైతేనే తీయమనండి. ఇష్టం లేకపోతే మరొకరిని కూర్చోబెట్టండి, బలవంతం వద్దు.

మే నెలలో మన వైపు ఉక్కపోతకు స్టిక్కరు కింద చెమట పట్టి గీత కొండలెక్కి దిగుతుంది. ఉదయం పూట చేయండి. స్పిరిట్ దూదితో చర్మం తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు స్టిక్కరు పెట్టండి. కంటికి మరీ దగ్గరగా స్పిరిట్ తీసుకెళ్లకండి. కంటి కొనకు వేలెడు దూరంలో తడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టాలి

మొదటి బోర్డు కంటి స్థానం కోసం. దాని రెండు తీగలు రెండు కళ్ల బయటి కొనల పక్కన, కణత వైపు పెట్టండి. ఇక్కడ వచ్చేది కండరపు విద్యుత్తు కాదు. కనుగుడ్డు ముందు భాగం వెనక భాగంతో పోలిస్తే ఎప్పుడూ ధనావేశంతో ఉంటుంది. చేప కంటిలో ఈ తేడాను డ్యూబోయి రేమాండ్ 1849లోనే గమనించాడు. కన్ను కుడికి తిరిగితే ఆ ధన భాగం కుడి ఎలక్ట్రోడ్‌కు దగ్గరవుతుంది, గీత లేస్తుంది. డిగ్రీకి సుమారు 10 నుంచి 20 మైక్రోవోల్టులు. 1953లో ఆసెరిన్స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశను కనుక్కున్నది ఈ పద్ధతిలోనే.

రెండో బోర్డు ముల్లు కోసం. ఒక తీగ రెండు కనుబొమల నడుమ, రెండోది నడినెత్తికి కాస్త వెనక, పాపిట తీసి జెల్ పెట్టి. ఇలా ఎందుకంటే, కనుబొమల నడిమి బిందువు రెండు కళ్లకూ సమాన దూరంలో ఉంటుంది. కళ్లు అడ్డంగా దూకినప్పుడు ఒక కంటి ధన భాగం దగ్గరైతే రెండో కంటిది దూరమవుతుంది. ఆ రెండు ప్రభావాలూ అక్కడ చాలావరకు రద్దవుతాయి. కండరాల నుంచి రెండు వైపులా కలిసి వచ్చేది మాత్రం మిగులుతుంది. ఈ అమరికలోనే ప్రయోగమంతా ఉంది. దీన్ని నల్లబల్ల మీద బొమ్మ గీసి పిల్లలకు చూపించకుండా ముందుకు వెళ్లకండి.

రెండు బోర్డులకూ కలిపి ఒకే రిఫరెన్స్ తీగ (మిగతా తీగలను పోల్చి చూసేందుకు ఆధారం) చెవి వెనక ఎముక మీద పెట్టండి.

గోడ మీద గుర్తులు

గోడకు 57 సెంటీమీటర్ల దూరంలో కళ్లు ఉండేలా కుర్చీ వేయండి. ఆ దూరంలో గోడ మీద 1 సెంటీమీటరు దాదాపు 1 డిగ్రీ అవుతుంది. మధ్యలో ఒక చీటీ, దానికి 10 సెంటీమీటర్ల ఎడమన ఒకటి, 10 సెంటీమీటర్ల కుడిన ఒకటి అంటించండి. అంకెల బదులు ఊరి పేర్లు రాస్తే పిల్లలు తడబడరు. ఎడమ చీటీ మీద కోట, నడుమ మూడు లాంతర్లు, కుడి చీటీ మీద గంటస్తంభం. "కోట" అనగానే కోటకు దూకాలి, "గంటస్తంభం" అంటే అక్కడికి. శ్రీకాకుళంలో చేసేవాళ్లు నాగావళి, అరసవల్లి, పాత బస్టాండు అనుకోవచ్చు.

తల కదలకూడదు. గడ్డం కింద నాలుగు పుస్తకాలు పేర్చి ఆనించమనండి. నోరు వదులుగా, పళ్లు ఎడంగా ఉండాలి. పళ్లు కరిస్తే కణత కండరం పెద్ద చప్పుడు చేసి అన్నిటినీ మింగేస్తుంది.

నమోదు

ఆర్డుయినోతో రెండు గీతలనూ సెకనుకు 500 సార్లు చదివించండి. అంటే 2 మిల్లీసెకన్లకు ఒక అంకె. ఇంతకన్నా తక్కువైతే ముల్లు సందుల్లోంచి జారిపోతుంది. అంకెలన్నీ ల్యాప్‌టాప్‌లో ఫైలుగా దాచాలి.

గదిలో ట్యూబ్‌లైటు, ఫ్యాను ఆపండి. 50 హెర్ట్జ్ గోల తగ్గుతుంది. వేసవిలో కరెంటు పోయే వేళ ముందే తెలిస్తే ఆ సమయానికి పిల్లలను సిద్ధంగా ఉంచుకోండి. నిజంగా మంచి నమోదు అప్పుడు వస్తుంది. 50 హెర్ట్జ్‌ను తీసేసే నాచ్ ఫిల్టర్ మాత్రం వాడకండి. మన ముల్లు కూడా అదే పరిధిలో ఉంది. ఫిల్టర్ దాన్ని కోయడమే కాక, పక్కన లేని అలలను పుట్టిస్తుంది.

ఒక విద్యార్థి నోటితో పేర్లు పిలవాలి. గడియారం టిక్కు ప్రకారం కాకుండా, కాస్త హెచ్చుతగ్గు వ్యవధితో, రెండు మూడు సెకన్లకు ఒకసారి. అప్పుడు ప్రతి దూకూ కరెంటు అలలో వేరే వేరే చోట పడుతుంది, సగటు తీసినప్పుడు ఆ అల దానంతటదే కొట్టుకుపోతుంది. రెప్ప వేయాలంటే దూకుల మధ్యలో వేయమనండి. కోట నుంచి గంటస్తంభానికి వంద దూకులు వస్తే చాలా మంచిది. అరవై తగ్గకుండా చూడండి. ఇరవై దూకులకోసారి ఆపి నీళ్లు తాగనివ్వండి, కళ్లు అలసిపోతాయి.

పిలుపు వినగానే కన్ను కదలదు. సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి పిలిచిన క్షణంతో కాకుండా, కన్ను కదిలిన క్షణంతోనే మన లెక్కలన్నీ.

మొదటి గీతలో ఒక విషయం గమనించాలి. కన్ను గంటస్తంభం మీదే నిలిచి ఉన్నా గీత మెల్లగా మళ్లీ సున్నాకు వచ్చేస్తుంది. బోర్డులో నెమ్మది మార్పులను ఆపే ఫిల్టర్ వల్ల అలా అవుతుంది. కన్ను వెనక్కి వచ్చిందనుకోకండి. మనకు కావలసింది లేచిన అంచు మాత్రమే.

సగటు తీయడం

రెండో గీతను నేరుగా చూస్తే గడ్డివాము లాంటి గోల తప్ప ఏమీ కనబడకపోవచ్చు. ముల్లు ఎత్తు కొద్ది మైక్రోవోల్టుల నుంచి కొన్ని పదుల వరకు మాత్రమే. సగటు లేకుండా దాన్ని నమ్మకూడదు.

మొదటి గీతలో పక్కపక్క అంకెల తేడా తీయండి. అదే వేగం. గోడ గుర్తుల మధ్య 20 డిగ్రీలకు గీత ఎంత లేచిందో తెలుసు కాబట్టి ఆ తేడాను సెకనుకు డిగ్రీల్లోకి మార్చుకోవచ్చు. వేగం సెకనుకు 30 డిగ్రీలు దాటిన మొదటి క్షణాన్ని దూకు మొదలుగా తీసుకోండి. మీ గీతలో గోల ఎక్కువైతే ఆ హద్దును కొంచెం పెంచండి. కానీ పెంచిన సంగతి నోటుపుస్తకంలో రాయండి.

ప్రతి దూకుకూ, ఆ క్షణానికి ముందు 100 మిల్లీసెకన్లు, తర్వాత 100 మిల్లీసెకన్లు రెండో గీత నుంచి కత్తిరించండి. అంటే ముందు 50 అంకెలు, వెనక 50 అంకెలు. ఎక్సెల్‌లో ఒక్కో దూకును ఒక్కో వరుసగా పేర్చండి. రెప్ప పడిన వరుసలను తీసేయండి, వాటి ఎత్తును బట్టి ఇట్టే తెలిసిపోతాయి. మిగిలిన వరుసలకు నిలువుగా సగటు తీసి గ్రాఫు గీయండి. పైథాన్ వచ్చిన పిల్లలుంటే నాలుగు వరుసల పని. రాకపోయినా ఎక్సెల్ చాలు, చేత్తో పేర్చినవాళ్లకే సగటు అంటే ఏమిటో బాగా తెలుస్తుంది. 64 దూకుల సగటులో గోల ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ముల్లు మాత్రం అలాగే ఉంటుంది.

సున్నా క్షణానికి 5, 10 మిల్లీసెకన్ల ముందు మొదలై, సున్నా దగ్గర కొనదేరి, వెంటనే పడిపోయే సన్నని ముల్లు కనిపించాలి. తీగలు ఎటు తగిలించారనే దాన్ని బట్టి అది పైకో కిందికో ఉంటుంది. "మేస్టారూ, కన్ను ఇంకా కదల్లేదు కదండీ, ఇది ఏటండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వెంటనే జవాబు చెప్పేయకండి. అదే ప్రశ్నను బోర్డు మీద రాసి, పై పాఠంలోంచి ఆజ్ఞ నడిచే దారిని వాళ్ల చేతే చెప్పించండి.

ఒక మెలిక మాత్రం మీరు గుర్తుంచుకోవాలి. వేగం హద్దు దాటిన క్షణం కన్ను అసలు కదలిన క్షణం కన్నా ఒకటి రెండు అంకెలు ఆలస్యం. కాబట్టి "కదలకముందు" అని రాసే ప్రతి మిల్లీసెకనునూ అనుమానించండి. హద్దును తగ్గించి, పెంచి ముల్లు ఎంత జరుగుతుందో చూడండి.

ముల్లును ప్రశ్నించడం

మొదట, సాఫీ చూపు. పెన్ను కొన మీద ఎర్ర చుక్క పెట్టి, మనిషి ఎదురుగా నెమ్మదిగా అడ్డంగా కదపండి. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను కదులుతుంటే జనం చూపు పూజారి వెంట సాగేది ఇలాగే. ఇక్కడ కన్ను దూకదు, జారుతుంది. కదులుతున్న వస్తువు లేకపోతే ఇలా జారడం మనవల్ల కాదు, ప్రయత్నించి చూడమనండి. ఈ జారుడు మొదలైన చోట సగటు తీస్తే ముల్లు ఉండకూడదు. పెన్నును వేగంగా కదిపితే కన్ను వెనకబడి, అందుకోవడానికి మధ్యలో చిన్న దూకులు వేస్తుంది. ఆ దూకుల దగ్గర ముల్లు మళ్లీ రావాలి. ఈ రెండూ కుదిరితే మీ ముల్లుకు దూకుతో సంబంధం ఉందని నమ్మవచ్చు.

తర్వాత, దూకు పరిమాణం. చీటీలను దగ్గరికి జరిపి 5 డిగ్రీల దూకులు చేయించండి. మొదటి గీత ఎత్తు నాలుగో వంతుకు పడిపోతుంది. ముల్లు అదే లెక్కన తగ్గదు. కనుగుడ్డు ధన భాగం నుంచి వచ్చినదైతే అదీ నాలుగో వంతు కావాలి కదా! ఈ ఒక్క పోలికతో రెండు విద్యుత్తులనూ విడదీయవచ్చు. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

రెప్పను కూడా పరీక్షించండి. కావాలని రెప్ప వేయించి నమోదు చేయండి. అది వెడల్పైన కొండలా ఉంటుంది, ముల్లులా సన్నగా ఉండదు. పళ్లు కొరికించి ఒకసారి, కనుబొమలు ముడిపించి ఒకసారి చేయించండి. ఇవన్నీ ఎలా ఉంటాయో ముందే చూసినవాళ్లు తర్వాత మోసపోరు.

చివరగా, కళ్లు కదపకుండా ఒకే చీటీని చూస్తూ ఉన్నప్పుడు, ఇష్టం వచ్చిన క్షణాలను సున్నాగా పెట్టి అంతే సంఖ్యలో ముక్కలు కత్తిరించి సగటు తీయండి. అక్కడా ముల్లు లాంటిది కనిపిస్తే మీ లెక్కలోనే ఏదో తప్పు ఉంది.

దీన్ని మెదడు తరంగం అనకండి

నడినెత్తి దగ్గర ఎలక్ట్రోడ్ ఉంది కాబట్టి పిల్లలు దీన్ని మెదడు విద్యుత్తు అనేస్తారు. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లోనూ ఈ పొరపాటు జరిగింది. బొమ్మ చూసిన కొన్ని వందల మిల్లీసెకన్లకు నెత్తి మీద నమోదయ్యే గామా అనే ఒక రకం వేగమైన తరంగాలను మెదడు ఆలోచనకు గుర్తుగా చాలామంది భావించేవారు. ష్లోమిట్ యువల్ గ్రీన్‌బర్గ్, ఆమె సహచరులు 2008లో అవి మనిషికే తెలియకుండా జరిగే అతి చిన్న సకేడ్ల ముళ్లని చూపించారు. కండరపు ముల్లు నెత్తి వరకూ పాకుతుంది. థిక్‌బ్రూమ్, మస్టాలియా 1985లో అది తల మీద ఎక్కడెక్కడ ఎంత ఉంటుందో గుర్తించి, మూలం కంటి కండరాల్లో ఉందని వాదించారు. మీ ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఈ తేడా పట్టుకోగలిగితే రేపు ఏ ఈఈజీ (నెత్తి మీద నుంచి తీసే మెదడు విద్యుత్ నమోదు) నివేదిక చదివినా ముందు కళ్లు ఏం చేశాయని అడుగుతారు.

మరో జాగ్రత్త. మీ దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరి దూకైనా చాలా నెమ్మదిగా కనిపిస్తే, లేదా ఫోను వీడియోలో ఒక కన్ను ముందు వెళ్లి రెండోది వెనకబడితే, దాన్ని తరగతిలో చర్చకు పెట్టకండి. జబ్బు పేరేదీ చెప్పకండి, ఈ పరికరంతో అది తేలదు. కంటి కండరాల బలహీనత, నరాల జబ్బులు, కొన్ని మందులు, నిద్ర లేకపోవడం, అన్నీ దూకును నెమ్మది చేయగలవు. ఇంట్లోవాళ్లకు విడిగా చెప్పి, ప్రభుత్వాసుపత్రిలో కంటి విభాగానికి తీసుకెళ్లమనండి.

పని ముగిశాక

ముందు యూఎస్‌బీ తీగ తీసి, అప్పుడు స్టిక్కర్లు తీయండి. కంటి పక్కన చర్మం పలచన. లాగకుండా, తడి దూదితో అంచు నానబెట్టి వదులు చేయండి. ముఖం చల్లటి నీళ్లతో కడుక్కోమనండి. నడినెత్తి జెల్ ఇంటికెళ్లి తలస్నానం చేస్తే పోతుంది.

ముడి ఫైలును ఎప్పటికీ చెరపకండి. సగటు తీసినది వేరే పేరుతో దాచండి. ప్రతి ఫైలుకూ తేదీ, దూకుల సంఖ్య, తీసేసిన వరుసల సంఖ్య, వేగపు హద్దు రాసిపెట్టండి. కూర్చున్నవారి పేరు బదులు ఒక అక్షరం చాలు. వచ్చే ఏడాది పిల్లలు మీ సగటును నమ్మకుండా ముడి ఫైలు నుంచి మళ్లీ తీయాలి. వాళ్ల ముల్లు, మీ ముల్లు ఒకే చోట పడ్డాయో లేదో అప్పుడు పోల్చమనండి.